ఆటిజం ఉన్న ఎనిమిదేళ్ల బాబుకి స్టేషన్ అంటే భయం పట్టుకుంది, మాఘంలో విశాఖ వెళ్లాలి, ఎలా అలవాటు చేయాలి?

బ్రాడీపేట అమ్మ, గుంటూరు

అందరికీ నమస్కారం. మా బాబుకి ఎనిమిదేళ్లు, ఆటిజం ఉంది. మాటలు వచ్చు కానీ రెండు మూడు పదాలు కలిపి కావాల్సింది అడగటం వరకే. భయం వేస్తే ఆ కాస్త మాటా ఆగిపోతుంది, చెయ్యి కొరుక్కుంటాడు.

మా ఇంటికి రైలు పట్టాలు దగ్గరే. డాబా మీద నిలబడితే బండి వెళ్లటం కనిపిస్తుంది. కూత వినపడితే అన్నం ముద్ద నోట్లో ఉన్నా సరే మెట్లెక్కి పరుగెత్తేవాడు, పెట్టెలన్నీ లెక్కపెట్టి కిందికి వచ్చేవాడు. అంత ఇష్టం వాడికి. ఇప్పుడు ఆటో స్టేషన్ రోడ్డు వైపు తిరిగితే చెవులు మూసుకుని సీటు కిందికి దూరిపోతున్నాడు.

పోయిన వేసవిలో తెనాలి మా పుట్టింటికి బయల్దేరాం. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాం. నెత్తిమీద మైకులో అనౌన్స్‌మెంట్ మొదలైంది, సరిగ్గా అప్పుడే పక్క లైన్లో గూడ్సు బండి ఆగకుండా కూత వేసుకుంటూ పోయింది. వాడు నేలమీద పడిపోయి, చెయ్యి రక్తం వచ్చేలా కొరుక్కుని, బట్టలు తడిపేసుకున్నాడు. చుట్టూ జనం మూగారు. ఒకాయన ఫోను తీసి వీడియో తీస్తున్నాడు. ఒకావిడ గాలి సోకిందేమో చూపించండి అంది. ఎలాగో ఎత్తుకుని ఇంటికి వచ్చేశాం. అప్పటినుంచి 'ఊరు' అనే మాట ఇంట్లో అనటానికి లేదు. అటక మీద నుంచి సూట్‌కేసు దించితే ఏడుపు.

ఇంకొకటి, బయట బాత్రూముకి వెళ్లడు. అంతకుముందు ఒకసారి రైల్లో తీసుకెళ్తే కింద నేల ఊగటం, ఫ్లష్ శబ్దం రెండూ కలిసి భయపెట్టాయి. ఎంతసేపైనా బిగబట్టుకుంటాడు తప్ప వెళ్లడు.

మాఘమాసంలో మా మరిది పెళ్లి, విశాఖలో. మావారు కారులో పోదాం అంటున్నారు. అత్తయ్యగారు పిల్లాణ్ని ఎందుకు హింసపెట్టటం, నేను వాడితో ఇంట్లో ఉండిపోతాను అంటున్నారు. ఆవిడ ప్రేమతోనే అంటున్నారు, కానీ సొంత కొడుకు పెళ్లికి ఆవిడ ఉండకపోవటం ఏమిటి? వాడు బాబాయి పెళ్లికి రాకపోవటం ఏమిటి? ఈసారి దాటేస్తే పైసారి కూడా దాటేస్తాం, అలా ఏళ్లు గడిచిపోతాయని నా బెంగ. వాణ్ని ఏడిపించకుండా ఈ భయం దాటించే దారి ఉందా? మీ పిల్లలతో మీరేం చేశారో వివరంగా రాయండి, చిన్న విషయమైనా ఫర్వాలేదు.

వన్‌టౌన్ నాన్న, విజయవాడ

చెల్లెమ్మా, నేను వస్త్రలతలో ఒక బట్టల కొట్లో గుమస్తాని. మా అమ్మాయికి పదమూడేళ్లు, ఆటిజం. మాటలు లేవు. బొమ్మల కార్డులు చూపించి చెబుతుంది, ఈమధ్య ఫోనులో కూడా చూపిస్తోంది. మా పిల్ల భయం రైలు కాదు, బస్సు. బస్సు ఆగేటప్పుడు బ్రేకు దగ్గర గాలి ఒక్కసారిగా బుస్సుమంటుంది చూడండి, దానికి ప్రాణాలు పోయేంత భయపడేది. మాకు కారు లేదు. మా అత్తగారి ఊరు మైలవరం అవతల. బస్సు ఎక్కకపోతే ఆ పిల్లకి అమ్మమ్మ ఇల్లే లేదన్నమాట. అందుకని ఈ విషయం మీద నేను పెట్టినంత మనసు ఇంక దేనిమీదా పెట్టలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందే చెబుతాను, తతిమ్మావి చదవకపోయినా ఇది చదవండి. పిల్లవాడికి 'చాలు, వెళ్లిపోదాం' అని చెప్పే దారి ఒకటి ఉండాలి. వాడు చెప్పిన మరుక్షణం మనం వెళ్లిపోవాలి. మేం పసుపు అట్టముక్క మీద బస్సు బొమ్మ, పక్కన కిందికి దిగుతున్న మనిషి బొమ్మ వేసి 'దిగుదాం' కార్డు చేశాం. అది ఎప్పుడూ మా అమ్మాయి చేతిలోనే ఉండేది. అది చూపిస్తే దిగిపోవటమే. ఎందుకు, ఏమిటి, ఇంకొక్క స్టాపు అని బతిమాలటం ఉండదు. మైలవరం దాకా టికెట్టు కొట్టించుకుని కుమ్మరిపాలెంలో దిగిపోయాం. కండక్టరు, ఇక్కడెందుకు దిగుతున్నారు, మైలవరం కదా అన్నాడు. ఇక్కడే బాబూ అని దిగి, నడుచుకుంటూ ఇంటికి వచ్చేశాం. టికెట్టు డబ్బులు పోయాయి, పోనివ్వండి. అలా దిగిపోవటం పిల్ల మొండితనానికి లొంగటం అని మా బంధువుల్లో చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. వెళ్లిపోవటం తన చేతిలో ఉందని గట్టిగా నమ్మకం కుదిరాకే మా అమ్మాయి బస్సులో ఉండటం మొదలుపెట్టింది. కొన్నాళ్లకి కార్డు చేతిలో పట్టుకుని కూడా చూపించటం మానేసింది. ఇప్పుడు ఆ కార్డు సంచిలో ఉంటుంది, ఉందా లేదా అని ఎక్కేముందు తడిమి చూసుకుంటుంది, అంతే.

రైలుకి ఒక చిక్కుంది. బస్సులాగా ఎక్కడపడితే అక్కడ దిగలేం. అందుకని మీ కార్డు అర్థం 'తర్వాతి స్టేషన్లో దిగుదాం' అని ముందునుంచే నేర్పాలి. మీకు కలిసొచ్చేది ఏమిటంటే గుంటూరు నుంచి విజయవాడ దాకా మొత్తం 32 కిలోమీటర్లే, మధ్యలో పెదకాకాని, నంబూరు, మంగళగిరి, కృష్ణా కెనాల్ ఉన్నాయి. అన్నిచోట్లా ఆగే ప్యాసింజరు అయితే తర్వాతి స్టేషన్ ఎంతో దూరం ఉండదు. మీవారు బైకు మీద ముందే వెళ్లి నంబూరులో నిలబడితే, వాడు కార్డు చూపించగానే దిగి నాన్న బండెక్కి ఇంటికి రావచ్చు. కృష్ణ మీద పెద్ద వంతెన కృష్ణా కెనాల్ దాటాకే వస్తుంది కాబట్టి మంగళగిరి దాకా ఆ మోత బాధ కూడా లేదు. వంతెన సంగతి తర్వాత చూసుకోవచ్చు.

కానీ రైలెక్కటం చాలా తర్వాతి మాట. ముందు డాబా. వాడు ఇప్పటికీ డాబా ఎక్కి రైలు చూస్తున్నాడా? చూస్తుంటే మీరు అదృష్టవంతులు, మొదలుపెట్టే చోటు మీ ఇంట్లోనే ఉంది. మేం అయితే బస్టాండులో మొదలుపెట్టాం. నెహ్రూ బస్టాండుకి పొద్దున్నే, రద్దీ పెరగకముందే వెళ్లి, బస్సులు ఆగే చోటికి బాగా దూరంగా కూర్చునేవాళ్లం. ఏ పనీ లేదు, ఎక్కడికీ వెళ్లం. తనకి ఇష్టమైన మరమరాలు తినటం, ఇంటికి రావటం. ఎంత దూరంలో కూర్చుంటే తింటూ ఉండగలదో అదే మాకు కొలత. తినటం ఆపిందంటే దగ్గరైపోయామని అర్థం, వెనక్కి జరిగేవాళ్లం. ఆ తర్వాత ఆగి ఉన్న బస్సు పక్కన నడవటం. ఆ తర్వాత ఖాళీ బస్సెక్కి కూర్చుని, బయల్దేరకముందే దిగిపోవటం. ఒక డ్రైవరుగారు పాపని తన సీటు పక్కన నిలబెట్టుకుని, ఇప్పుడు గాలి వస్తుంది చూడమ్మా అని చెప్పి మరీ బ్రేకు వదిలారు. ఎప్పుడు వస్తుందో తెలిస్తే ఆ శబ్దం సగం తగ్గినట్టే ఉంటుందని మా అమ్మాయి మొహం చూసి నాకు ఆ రోజు తెలిసింది. ఆయన పేరు అడగలేదు, ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

శబ్దం గురించి ఇంకొకటి. స్టేషన్ అనౌన్స్‌మెంటు మీరే ఫోనులో రికార్డు చేసుకురండి. ఇంట్లో బాగా చిన్న శబ్దంతో పెట్టి, ఫోను వాడి చేతికివ్వండి. పెంచటం, తగ్గించటం, ఆపటం అంతా వాడిదే. మీరు పెంచవద్దు. మా అమ్మాయి బస్సు శబ్దాన్ని ఆపి, పెట్టి, ఆపి, పెట్టి, దాన్నొక ఆటలా చేసుకుంది.

ఫొటోల పుస్తకం చేయండి. ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మలు వద్దు, మీ గుంటూరు స్టేషనువే కావాలి: మీ వీధి, ఆటో, స్టేషన్ గుమ్మం, టికెట్ కౌంటరు, బెంచీ, బండి తలుపు, కిటికీ. మీరొక్కరే వెళ్లి తీసుకురండి. ఆఖరి పేజీ మాత్రం ఎప్పుడూ మీ ఇల్లే ఉండాలి, తిరిగి వస్తామని వాడికి కనపడాలి.

సూట్‌కేసు ఇవాళే దించి హాల్లో పెట్టేయండి. వాడి రైలుబొమ్మలు అందులోనే పెట్టుకోనివ్వండి. ప్రయాణం రోజున మాత్రమే కనపడే వస్తువుగా అది ఉండకూడదు.

ఇక జనం. ఇది నాకు ఎక్కువ బాధ కలిగించే విషయం కాబట్టి కాస్త గట్టిగా రాస్తున్నాను, ఏమనుకోవద్దు. మీ బాబు నేలమీద పడి ఉంటే వీడియో తీసినవాడి గురించి చదివి చాలాసేపు పని చేయలేకపోయాను. మేం చిన్న చీటీలు జిరాక్సు తీయించి జేబులో పెట్టుకుంటాం. వాటిమీద ఇంతే ఉంటుంది: 'మా పాపకి ఆటిజం. పెద్ద శబ్దాలకి భయపడుతుంది. కోపం కాదు, దెయ్యం కాదు. కొంచెం చోటు ఇచ్చి, చూడకుండా ఉంటే చాలు.' ఎక్కగానే ముందు వెనక సీట్లవాళ్లకి ఇచ్చేస్తాను. ఎక్కువమంది మంచివాళ్లే, వాళ్లకి తెలియదు అంతే. చీటీ చదివాక కిటికీ సీటు ఇచ్చినవాళ్లున్నారు.

మాఘం నాటికి వాడు రైలెక్కకపోవచ్చు. అప్పుడు కారులో వెళ్లండి, పెళ్లి చూడండి. రైలు పని ఆ తర్వాత కూడా సాగుతుంది. పెళ్లి తేదీకి, వాడి భయానికి ముడిపెట్టవద్దని నా విన్నపం.

కొత్తపేట తాతయ్య, గుంటూరు

అమ్మాయ్, మా కాలంలో ఈ పేర్లు లేవు కానీ ఇలాంటి పిల్లలు ఉండేవారు. మా పెద్దన్నయ్య కొడుకు కూడా రైలంటే ఇలాగే హడలిపోయేవాడు. మా నాన్నగారు గట్టిగా పట్టుకుని ఎక్కించేశారు. ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాడు, తర్వాత ఏ గొడవా లేదు. మరీ సుకుమారం చేస్తే భయం పెరుగుతుందేమో ఆలోచించు. కనకదుర్గమ్మకి మొక్కుకో, అంతా ఆ తల్లే చూసుకుంటుంది. పిల్లవాడికి నా ఆశీస్సులు.

లక్ష్మీపురం ఓటీ, గుంటూరు

నేను పిల్లల ఆక్యుపేషనల్ థెరపిస్టుని (ఓటీ), అంటే రోజువారీ పనులు పిల్లలకి అలవాటు చేయించే థెరపిస్టుని. తాతయ్యగారి ప్రేమని గౌరవిస్తూనే ఒక విషయం చెప్పాలి. ఏడ్చి ఏడ్చి ఊరుకున్న పిల్లలందరూ అలవాటుపడినట్టు కాదు. భరించలేని స్థితి దాటాక కొందరు పిల్లలు బిగుసుకుపోయి, కళ్లు ఒకచోట నిలిపి, పిలిచినా పలకకుండా అయిపోతారు. దాన్ని మేం షట్‌డౌన్ అంటాం. బయటికి నిమ్మళంగా కనిపిస్తుంది, లోపల భయం అలాగే ఉంటుంది. ఆ పిల్లలు మళ్లీ ప్రయాణం అనగానే ఇంకా ముందే, ఇంకా ఎక్కువగా ప్రతిఘటిస్తారు.

తల్లిగారు రెండు విషయాలు విడదీసి చూడాలి. ఒకటి భయం, రెండోది చెవికి కలిగే బాధ. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకి గట్టి శబ్దం నిజంగానే నొప్పిలా తగులుతుంది. భయం కొద్దికొద్దిగా ఎదుర్కొంటే తగ్గుతుంది. 1950ల్లో జోసెఫ్ వోల్ప్ అనే సైకియాట్రిస్టు దీన్ని ఒక చికిత్సగా తీర్చిదిద్దారు, వన్‌టౌన్ నాన్నగారు బస్టాండులో చేసింది సరిగ్గా అదే పద్ధతి. కానీ నొప్పి అలవాటుతో పోదు, దానికి అడ్డు పెట్టాలి. కార్ఖానాల్లో పనివాళ్లు పెట్టుకునే, చెవులు మూసే ఇయర్ మఫ్స్ పిల్లల సైజులో దొరుకుతాయి. ముందు ఇంట్లో, వాడికి ఇష్టమైన పని చేస్తున్నప్పుడు కాసేపు పెట్టి అలవాటు చేయండి. స్టేషన్లో మొదటిసారి తగిలించవద్దు. అలాగని రోజంతా ఉంచవద్దు. ఎప్పుడూ మూసి ఉంచిన చెవికి మామూలు చప్పుడు కూడా పెద్దగా వినపడటం మొదలవుతుంది.

కేకలు మొదలవకముందే మీ బాబు ఒంట్లో ఏదో ఒక మార్పు వస్తుంది. వేళ్లు బిగించటం, ఒకే మాట మళ్లీ మళ్లీ అనటం, మడమలెత్తి నడవటం, చెవి పట్టుకోవటం, ఏదైనా కావచ్చు. అది కనిపెట్టి రాసుకోండి. ఏ మెట్టు దగ్గరైనా అది కనపడగానే ఆపేయాలి. బాగున్నప్పుడే ఇంటికి వచ్చేయటం మంచిది. ఇంకాస్త ఉందామని లాగవద్దు.

కరోల్ గ్రే అనే టీచరు 1991లో మొదలుపెట్టిన, జరగబోయేది చిన్న కథలా ముందే చెప్పే సోషల్ స్టోరీల పద్ధతి మీరు వినే ఉంటారు. ఫొటోల పుస్తకానికి అది బాగా కుదురుతుంది. అందులో ఆజ్ఞలు తక్కువ, ఉన్నది ఉన్నట్టు చెప్పే వాక్యాలు ఎక్కువ ఉండాలి. ఇలా: 'స్టేషన్లో మైకు ఉంటుంది. మైకు రైళ్ల గురించి చెబుతుంది. ఒక్కోసారి గట్టిగా మోగుతుంది. అప్పుడు నేను మఫ్స్ పెట్టుకోవచ్చు. అమ్మ నా పక్కనే ఉంటుంది.' భయపడకూడదు, ఏడవకూడదు అని రాయవద్దు. రైలు టైముకి వస్తుందని కూడా రాయవద్దు, రాకపోతే ఆ పుస్తకం మీద నమ్మకం పోతుంది. 'రైలు ఒక్కోసారి ఆలస్యంగా వస్తుంది, అప్పుడు మేం బెంచీ మీద కూర్చుంటాం' అని ఒక పేజీ ఉండాలి.

బాత్రూము విషయం రైలుతో కలపకండి. అది వేరే పని, ఇవాళే మొదలుపెట్టవచ్చు. ముందు పక్కింట్లో, తర్వాత బంధువుల ఇంట్లో, తర్వాత ఏదైనా హోటల్లో. వాడు బయటికి వచ్చాకే ఫ్లష్ చేయండి. ప్రయాణం రోజుకి డైపర్‌లాంటి పుల్-అప్ ప్యాంటు, మూత్రానికి ఒక సీసా దగ్గర పెట్టుకోండి, ఎనిమిదేళ్లవాడికి ఇవేమిటని మొహమాటపడవద్దు. గంటల తరబడి బిగబట్టటం వల్ల మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తాయి, అవి వస్తే చికాకు ఇంకా పెరుగుతుంది.

ప్రయాణానికి ముందు నిద్రకోసం జలుబు సిరప్ పట్టించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. కొందరు పిల్లల్లో ఆ మందులు నిద్ర తేకపోగా రెచ్చగొడతాయి. ఏ మందైనా మీ పిల్లల డాక్టరు చెబితేనే.

వన్‌టౌన్ నాన్న, విజయవాడ

బాబాయిగారూ, మీ ఆశీస్సులకి నమస్కారం. మా నాన్న కూడా మీలాగే అనేవారు, ఆయనకి మా అమ్మాయంటే ప్రాణం. దుర్గమ్మ కొండ మా ఇంటికి దగ్గరే, మొక్కులు మేమూ మొక్కుకున్నాం. మీ అన్నయ్యగారి అబ్బాయికి తర్వాత ఏ గొడవా లేకపోవటం సంతోషం. కానీ మాటలు లేని మా పిల్ల 'నన్ను దించండి' అని నోటితో అడగలేదు. అడగలేని పిల్లని పట్టుకుని ఎక్కిస్తే ఆ పిల్లకి మిగిలేది నాన్న చేతులంటే భయం. నాకు బస్సు కన్నా అది పెద్ద భయం.

రిటైర్డ్ గార్డు, సత్యనారాయణపురం

నేను విజయవాడ డివిజన్లో గార్డుగా చేసి రిటైరయ్యాను. 2022 నుంచి ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. ఆటిజం గురించి నాకు తెలిసింది తక్కువ. శబ్దం ఎప్పుడు వస్తుందో తెలిస్తే పిల్లలకి సగం తగ్గుతుందని వన్‌టౌన్ ఆయన రాశారు కదా, రైల్లో ఏ చప్పుడు ఎక్కడ వస్తుందో మాత్రం నేను చెప్పగలను.

కూత డ్రైవరు ఇష్టం వచ్చినప్పుడు వేసేది కాదు. లెవల్ క్రాసింగుకి 600 మీటర్ల ముందు పట్టాల పక్కన పసుపు బోర్డు ఉంటుంది, దాని మీద డబ్ల్యూ, ఎల్ అక్షరాలుంటాయి. అక్కడ కూత వేయాల్సిందే. స్టేషన్లో ఆగకుండా పోయే బండి కూడా ప్లాట్‌ఫారం దగ్గర కూత వేస్తుంది. మీ బాబుకి ఎదురైంది అదే. ప్లాట్‌ఫారం మీద ఉన్నప్పుడు అనౌన్స్‌మెంటు జాగ్రత్తగా వినండి. ఆగకుండా వెళ్లే బండి వస్తోంది, దూరంగా ఉండండి అని చెబుతారు. అది వినగానే మఫ్స్ పెట్టి, పసుపు గీతకి బాగా వెనక్కి, గోడ వైపు వెళ్లిపోండి. సాధనకి గుంటూరు జంక్షన్ కన్నా నంబూరు, మంగళగిరి లాంటి చిన్న స్టేషన్లు నయం. ప్లాట్‌ఫారం టికెట్టు 10 రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. అది లేకుండా లోపలికి వెళ్లవద్దు, తనిఖీలో గొడవైతే బాబు బెదిరిపోతాడు.

ఇంజనుకి దగ్గర పెట్టెలో కూత ఎక్కువ. ఏసీ బండ్లలో చివర్న జనరేటర్ పెట్టె ఉంటే అదీ హోరు. కాబట్టి బండి మధ్యలో పెట్టె, పెట్టె మధ్యలో బెర్తు చూసుకోండి. పాత రకం స్లీపరులో 72 బెర్తులు, కొత్త ఎల్‌హెచ్‌బీ పెట్టెలో 80. ఏదైనా 33 నుంచి 48 లోపు తీసుకుంటే తలుపులు, బాత్రూములు, చక్రాల మోత అన్నిటికీ దూరం.

వంతెన మీద మోత ఎందుకంటే మామూలు పట్టాల కింద కంకర ఉంటుంది, అది చప్పుడుని తాగేస్తుంది. ఇనుప దూలాల వంతెన మీద కంకర ఉండదు. చప్పుడు కిందికి పోయి, నీళ్లని, ఇనుముని తాకి తిరిగి వస్తుంది. కృష్ణ దాటేటప్పుడు అదే. ప్రకాశం బ్యారేజీ మీద నుంచి చూస్తే ఆ రైలు వంతెన, దాని మీద పోయే బండ్లు కనిపిస్తాయి. ముందు దూరం నుంచి చూపించండి. విజయవాడలో ప్లాట్‌ఫారం ఖాళీ లేకపోతే బండ్లని కృష్ణా కెనాల్ దగ్గరే ఆపుతారు, అది కూడా ఆ ఫొటోల పుస్తకంలో రాసుకోండి, ఎందుకు ఆగిందని బాబు కంగారుపడకుండా.

విజయవాడ దాకా కారులో వచ్చి అక్కడ బండెక్కితే కృష్ణ వంతెన తప్పుతుంది. అక్కణ్నుంచి విశాఖ రైల్లో 350 కిలోమీటర్లు. కానీ కొవ్వూరు దాటాక గోదావరి ఉంది. దాని మీద ఇప్పుడు బండ్లు నడిచేవి రెండు వంతెనలు, 1974లో వచ్చిన రోడ్డు కం రైలు వంతెన, 1997లో వచ్చిన ఆర్చి వంతెన. ఏదైనా రెండున్నర కిలోమీటర్లకు పైమాటే, కాబట్టి మోత కాసేపు ఉంటుంది. బాబుకి పెట్టెలు లెక్కపెట్టటం ఇష్టమన్నారు. 1974 వంతెన అయితే రోడ్డు పైన, రైలు కింద ఇనుప దూలాల మధ్య నుంచి పోతుంది. ఆర్చి వంతెన అయితే పక్కన విల్లుల్లా కాంక్రీటు కమానులు వస్తాయి. లెక్కపెట్టటానికి రెండూ బాగుంటాయి. బండి ఎక్కడుందో చూపించే ఫోను యాప్ పెట్టి గోదావరి ఎంత దూరముందో మ్యాపులో చూపిస్తూ ఉండండి.

రాయితీ గురించి అడగలేదు, అయినా చెబుతాను. రైల్వే ఫారంలో 'తోడు లేకుండా ప్రయాణించలేని మానసిక వికలాంగులు' అనే విభాగం ఉంది. ప్రభుత్వ డాక్టరు ఆ సర్టిఫికెట్టు ఇస్తే స్లీపరు, థర్డ్ ఏసీలో 75 శాతం, ఫస్ట్, సెకండ్ ఏసీలో 50 శాతం తగ్గుతుంది. తోడు వచ్చే ఒకరికి కూడా అంతే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం పేరు పెట్టి చేర్చారు కాబట్టి సదరం సర్టిఫికెట్టు (వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) లేకపోతే ముందు అవి చేయించండి. బండిలో ఏ ఇబ్బంది వచ్చినా రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోను చేయండి. బాబు చేతికి మీ ఫోను నంబరున్న పట్టీ కట్టి, ఆ పొద్దున వేసుకున్న బట్టలతో ఒక ఫొటో తీసి ఉంచుకోండి. తప్పిపోయిన పిల్లల విషయంలో మాకు మొదట కావాల్సింది అదే.

బ్రాడీపేట అమ్మ, గుంటూరు

అందరికీ చేతులెత్తి నమస్కారం. రాసినవన్నీ మావారికి, అత్తయ్యగారికి చదివి వినిపించాను. అత్తయ్యగారు వన్‌టౌన్ అన్నయ్య రాసిన చోట కళ్లు తుడుచుకుని, సూట్‌కేసు ఆవిడే దించారు. బాబు ఏడ్చాడు, కానీ ఆవిడ అందులో వాడి రైళ్లు సర్దటం మొదలుపెట్టాక దగ్గరికొచ్చి మూత తీసి, వేసి చూస్తున్నాడు.

డాబా ఎక్కుతున్నాడు అన్నయ్యా. ఇదివరకులా పిట్టగోడ దగ్గరికి పోకుండా మధ్యలో నిలబడి చూస్తున్నాడు, పెట్టెల లెక్క మాత్రం మానలేదు. ఓటీ మేడమ్ చెప్పిన గుర్తు కూడా కనిపెట్టాను. కూత దగ్గరయ్యే కొద్దీ చొక్కా కింది గుండీ పట్టుకుని తిప్పుతాడు. ఇన్నేళ్లూ అది అల్లరి అనుకున్నాం ఇంట్లో అందరం.

మేం అనుకున్నది ఇది. మంగళగిరి దాకా ప్యాసింజరులో వెళ్లగలిగేదాకా నెమ్మదిగా చేస్తాం. మాఘానికి అంతవరకే వస్తే పెళ్లికి కారులోనే వెళ్తాం. గార్డుగారు చెప్పినట్టు బ్యారేజీ మీద నుంచి వంతెన చూపిస్తాం. మావారు మొదట పెళ్లయ్యాక చూద్దాంలే అన్నారు, ఇప్పుడు ఆయనే నంబూరు స్టేషన్ ఫొటోలు తీసుకొచ్చారు.

ఇంకొక్క సందేహం. కారులో వెళ్లినా కల్యాణమండపంలో బాజాలు, డీజే తప్పవు. తాళి కట్టేటప్పుడు గట్టిమేళం ఒక్కసారిగా మోగుతుంది కదా. దానికేం చేయాలి?

వన్‌టౌన్ నాన్న, విజయవాడ

చెల్లెమ్మా, మా చెల్లెలి పెళ్లిలో మేం చేసింది చెబుతాను. మండపంవాళ్లతో ముందే మాట్లాడి, వేదికకి దూరంగా ఉన్న ఒక గది పిల్ల కోసం పెట్టించుకున్నాం. విడిదికి చేరగానే ముందు ఆ గదే చూపించాం, తన దుప్పటి, తన పళ్లెం అక్కడే పెట్టాం. కార్డు చూపిస్తే ఆ గదికి వెళ్లటమే, పెళ్లిలో ఏం జరుగుతున్నా సరే. ఎవరు తీసుకెళ్లాలో ముందే వంతులు వేసుకున్నాం, లేకపోతే ఆ సమయానికి అందరూ అమ్మ వైపే చూస్తారు.

గట్టిమేళం ఎప్పుడు మోగుతుందో పురోహితుడికి తెలుసు, ఆయన వేలెత్తి సైగ చేస్తేనే మేళగాళ్లు అందుకుంటారు. మీ మరిదిగారి చేత ఆయనకి ఒక మాట చెప్పించండి. సైగకి ముందు మీవైపు ఒకసారి చూస్తే చాలు, మీరు మఫ్స్ పెట్టేస్తారు. మేళంవాళ్లని కూడా ముందురోజు కలిపించండి. డోలు ఊరికే ముట్టుకోనిచ్చి, ఒక్క దెబ్బ మెల్లగా వాడి చేతే కొట్టించండి. డీజే మాత్రం వాడు నిద్రపోయాక పెట్టుకోమనండి, లేదా వాడితో మీలో ఒకరు విడిదికి వెళ్లిపోండి. దానికోసం వాణ్ని సాధన చేయించాల్సిన పని లేదు, అది లేకుండా కూడా పెళ్లి అవుతుంది.

కార్డుకి లామినేషన్ చేయించండి. మీ దగ్గర ఏ జిరాక్సు షాపులోనైనా చేస్తారు. ఒకటి వాడి దగ్గర, ఒకటి అత్తయ్యగారి దగ్గర, ఒకటి సూట్‌కేసులో ఉండాలి. నంబూరు వెళ్లి వచ్చాక ఇక్కడ రాయండి, నేను చూస్తూ ఉంటాను.